ద్రవలోహపు గోడ
(డాక్టర్ ఏ.ఎస్. రావు స్మృతిలో నాచారంలో చేసిన ప్రసంగపాఠం)



అయ్యగారి సాంబశివరావు గారి పేరు ఈ తూర్పు హైదరాబాదులో రోజూ వేలమంది నోట నలుగుతుంది. కాలనీ పేరుగా, బస్సు దిగే చోటుగా, ఇంటి చిరునామాగా వాడుకుంటాం. ఆ పేరు వెనకున్న మనిషి 1914లో ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్‌లో చదివారు, ఆపైన స్టాన్‌ఫర్డ్ వెళ్ళారు, తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా దగ్గర చేరారు. కాస్మిక్ కిరణాలను పట్టుకునే ఎలక్ట్రానిక్ పరికరాలు దేశంలో దొరకని రోజుల్లో వాటిని తయారుచేశారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టరు మొదలైనప్పుడు దాని నియంత్రణ వ్యవస్థ వెనక ఆయన పని ఉంది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఇక్కడికి రావడానికి, అది నిలబడడానికి కారణమూ ఆయనే. మరో నాలుగేళ్ళకు దాని పక్కనే మౌలాలి వైపు అణు ఇంధన సముదాయం, మనందరం ఎన్ఎఫ్‌సీ అనే సంస్థ, వచ్చింది. ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ మీదుగా చర్లపల్లి దాకా ఉన్న ఈ పట్టీలో లేత్ మిషన్ల చప్పుడు ఎందుకు అంత గట్టిగా వినబడుతుందో చెప్పాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు ఈసీఐఎల్ చరిత్ర చెప్పవచ్చు, మొదటి కంప్యూటర్ల కథ చెప్పవచ్చు. అవి మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. నేను ఇంకా పూర్తికాని కథ ఒకటి ఎంచుకున్నాను. దానికీ ఆయన తరానికీ సంబంధం ఉంది.

1955 ఆగస్టులో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగం మీద మొదటి అంతర్జాతీయ సభ జరిగింది. అధ్యక్షుడు భాభా. అప్పటికి హైడ్రోజన్ బాంబు పేలి మూడేళ్ళు కాలేదు. అంత పెద్ద దేశాల ప్రతినిధుల ముందు నిలబడి ఆయన, రెండు దశాబ్దాల్లో కేంద్రక సంలీనాన్ని అదుపులో పెట్టి శక్తి తీసే దారి దొరుకుతుందని చెప్పారు. ఆ పరిశోధనలు చేస్తున్న దేశాలు అప్పటికి వాటిని రహస్యంగా ఉంచాయి. రహస్యాన్ని బహిరంగ వేదిక మీదకు లాగిన మాట అది. ఏడాది తిరక్కుండా 1956 ఏప్రిల్‌లో సోవియట్ శాస్త్రవేత్త కుర్చాతోవ్ బ్రిటన్‌లోని హార్వెల్‌కు వచ్చి తమ ప్రయోగాల గురించి బాహాటంగా మాట్లాడాడు.

ఆ రెండు దశాబ్దాలు గడిచి అర్ధశతాబ్దం దాటింది. ఎందుకింత ఆలస్యం అని అడిగితే చాలామంది ఉష్ణోగ్రత సంగతి చెబుతారు. పదిహేను కోట్ల డిగ్రీలు ఎవరు సాధించగలరు అంటారు. నిజానికి ఉష్ణోగ్రత చాలాకాలం కిందటే చేతికొచ్చింది. ప్రిన్స్‌టన్‌లోని టీఎఫ్‌టీఆర్ యంత్రం 1990ల మధ్యలోనే 50 కోట్ల డిగ్రీలు దాటింది. వేడి పుట్టించడం వచ్చింది. ఆ వేడిని చిన్న యంత్రంలో, చాలాసేపు, యంత్రం చెడకుండా నిలబెట్టడం రాలేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ చిక్కులో పెద్దభాగం ప్లాస్మాలో, అంటే అయాన్లుగా విడిపోయిన ఆ వేడి వాయువులో, లేదు, దాని చుట్టూ ఉన్న గోడలో ఉంది. గోడ అంటే ప్లాస్మాను తట్టుకోవలసిన వస్తువు అని మనం చాలాకాలం అనుకున్నాం. అది ప్లాస్మాను తయారుచేసే వస్తువు కూడా.

ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నిలబడుతుంది.

టోకమాక్ అంటే గాజులా మూసి ఉన్న గారె ఆకారపు పాత్ర మాత్రమే కాదు, దాని లోపల అయస్కాంత క్షేత్రం అల్లిన అదృశ్యమైన పాత్ర ఇంకొకటి ఉంటుంది. డ్యుటీరియం, ట్రిటియం అయాన్లు, ఎలక్ట్రాన్లు ఆ క్షేత్రరేఖల వెంట తిరుగుతుంటాయి. కానీ ఏ అయస్కాంత పాత్రా పూర్తిగా కారకుండా ఉండదు. అయాన్లు నెమ్మదిగా బయటికి జారి గోడను తాకుతాయి. తాకిన అయాను అక్కడ ఎలక్ట్రాన్‌ను తీసుకుని మామూలు పరమాణువు అవుతుంది, చల్లబడి తిరిగి ప్లాస్మాలోకి వచ్చేస్తుంది. అయస్కాంత క్షేత్రం పరమాణువును ఆపలేదు కదా, అది తిన్నగా లోపలికి వెళ్ళి మళ్ళీ అయాను అవుతుంది. ఇలా బయటికి పోయిన ప్రతి కణం తిరిగి రావడాన్ని ఈ రంగంవాళ్ళు రీసైక్లింగ్ అంటారు. ఉక్కు, గ్రాఫైటు, టంగ్‌స్టన్ గోడల దగ్గర కాసేపట్లోనే ఈ రీసైక్లింగ్ నూటికి నూరుకు దగ్గరవుతుంది. అంటే పొంగుతున్న ఎసట్లో ఎవరో ఆగకుండా చన్నీళ్ళు చిలకరిస్తున్నట్టు. లోపల కోట్ల డిగ్రీలు ఉన్నా అంచు ఎప్పుడూ చల్లగా ఉంటుంది. నడుమ వేడి, అంచున చలి. ఆ రెంటి మధ్య ఏటవాలు నిటారుగా ఉంటుంది. ఆ ఏటవాలే ప్లాస్మాలో సుడులు పుట్టిస్తుంది, ఆ సుడులే వేడిని బయటికి తోడేస్తాయి. వేడి పోతుందని మనం ఇంకా పెద్ద యంత్రం కడతాం. ఫ్రాన్సులో కడుతున్న అంతర్జాతీయ టోకమాక్ ఐటర్ అంత భారీగా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండో బాధ మలినాలది. గోడనుంచి రాలిన బరువైన లోహపు పరమాణువు ప్లాస్మా మధ్యకు చేరితే ఎక్స్-కిరణాల రూపంలో వేడిని వెదజల్లేస్తుంది. టంగ్‌స్టన్ విషయంలో పదివేలలో ఒక వంతు చేరినా ముప్పే.

ఇది పుస్తకాల్లో ముందే రాసి ఉన్న జ్ఞానం కాదు, యంత్రం తర్వాత యంత్రం దెబ్బతిని నేర్చుకున్నది. మాస్కోలోని టీ-3 టోకమాక్ ఫలితాలు 1968లో ప్రకటించినప్పుడు పశ్చిమ దేశాలు నమ్మలేదు. మరుసటి ఏడాది ఇంగ్లాండులోని కల్హమ్ నుంచి ఒక బృందం లేజర్ పట్టుకుని వెళ్ళి కొలిచి, కోటి డిగ్రీల వరకూ ఉన్న మాట నిజమేనని చెప్పింది. అప్పటినుంచి ప్రపంచమంతా టోకమాక్‌లు కట్టింది. 1970ల నడుమ ప్రిన్స్‌టన్‌లో పీఎల్‌టీ యంత్రానికి టంగ్‌స్టన్ అంచులు పెట్టారు. టంగ్‌స్టన్ కరిగే ఉష్ణోగ్రత 3,422 డిగ్రీలు, లోహాలన్నిటిలోనూ ఎక్కువ. అంతకంటే గట్టి ఎంపిక ఏముంటుంది? కానీ రాలిన టంగ్‌స్టన్ ప్లాస్మా నడిబొడ్డును చల్లబరిచింది. మధ్యలో కంటే చుట్టూ ఎక్కువ వేడి ఉన్న ప్లాస్మా కనబడింది. దాన్ని తీసి కార్బన్ పెట్టాక అదే యంత్రం 1978లో 6 కోట్ల డిగ్రీలు చేరింది. మారింది గోడ ఒక్కటే కాదు, వేడిచేసే కిరణాల బలమూ పెరిగింది. అయినా గోడ మార్చకపోతే ఆ బలం వృథా అయ్యేది.

దాని తర్వాతి అధ్యాయం నాకు మరీ ఇష్టం. 1986లో టీఎఫ్‌టీఆర్‌లో కార్బన్ గోడలోని హైడ్రోజన్‌ను ముందుగా బాగా వెళ్ళగొట్టి, గోడ దాహంతో ఉన్న స్థితిలో ప్లాస్మాను వెలిగిస్తే అనుకోనంత మంచి ఫలితం వచ్చింది. దానికి సూపర్‌షాట్ అని పేరు పెట్టుకున్నారు. ప్లాస్మాకు కొత్తగా చేసిందేమీ లేదు, గోడను ఎండగట్టారంతే. ఆ తర్వాత లిథియం గుళికలు లోపలికి కొట్టి గోడ మీద పలచని లిథియం పూత వేశారు. ఫలితం ఇంకా పెరిగింది. 1994లో ఆ యంత్రం 10.7 మెగావాట్ల సంలీన శక్తి ఇచ్చినప్పుడు అందరి కళ్ళూ ఆ అంకె మీద ఉన్నాయి. కొద్దిమంది మాత్రం ఆ లిథియం వైపు చూశారు.

ఎందుకు లిథియం? ఆవర్తన పట్టికలో మూడోది, లోహాల్లో అన్నిటికంటే తేలిక. హైడ్రోజన్‌ను తనలో కలుపుకుంటుంది, ఒక లిథియం పరమాణువుకు ఒక హైడ్రోజన్ పరమాణువు చొప్పున. తాకిన కణాన్ని తిప్పిపంపకుండా మింగేస్తుంది. తానే ప్లాస్మాలోకి రాలినా పరమాణు సంఖ్య మూడే కాబట్టి వేడిని వెదజల్లదు. పైగా 180.5 డిగ్రీలకే కరుగుతుంది. గట్టి పూత కొంతసేపటికి నిండిపోతుంది. కరిగి కదులుతున్న లిథియం అయితే ఎప్పటికప్పుడు కొత్త ముఖం చూపిస్తుంది.

గోడే ద్రవమైతే అన్న ఊహ ఇంకా పాతది. గ్రీకు మూలాలున్న అమెరికా శాస్త్రవేత్త నికోలస్ క్రిస్టోఫిలోస్ తన ఆస్ట్రాన్ యంత్రానికి లోపలివైపు ద్రవ లిథియం పొర ఉండాలని తలపెట్టాడు. ఆయన 1972లో పోయాడు, ఆ నమూనా పత్రం 1989లో గానీ అచ్చు కాలేదు. ఆయన మనసులో ముఖ్యంగా ఉన్నది న్యూట్రాన్ల సంగతి. ఒక సంలీనం నుంచి వచ్చే 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో 14.1 న్యూట్రాన్ తీసుకుపోతుంది. దానికి అయస్కాంతం అడ్డు లేదు. ఘనమైన గోడలోని స్ఫటికాలను అది చెదరగొడుతుంది, ఏళ్ళ తరబడి కొడితే ఉక్కు పెళుసవుతుంది. ద్రవంలో చెదరడానికి స్ఫటికమే లేదు. చీలదు, పెళుసవదు, అరిగితే మళ్ళీ నిండుతుంది. 1990ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మొహమ్మద్ అబ్దూ నాయకత్వంలో అపెక్స్ అనే అధ్యయనం ఈ ఊహను ఇంజినీరింగు లెక్కల్లోకి దించింది.

అయితే అప్పటిదాకా ద్రవగోడ అంటే యంత్రాన్ని కాపాడే కవచం. ప్లాస్మాను మెరుగుచేసే సాధనంగా దాన్ని నిలబెట్టింది 2003లో వచ్చిన ఒక వ్యాసం. సెర్గెయ్ క్రషెనిన్నికోవ్, లియొనీడ్ జఖరోవ్, గ్రిగోరీ పెరెవెర్జెవ్ రాశారు. వాళ్ళ వాదన చాలా సూటిగా ఉంటుంది. గోడ కణాలను మింగేస్తే చల్లని పరమాణువులు తిరిగి రావు. రాకపోతే అంచును చల్లబరిచేవాళ్ళు లేరు. అంచు కూడా నడుమంత వేడిగా ఉంటే ఏటవాలు ఉండదు, ఉష్ణోగ్రత పీఠభూమిలా సమంగా ఉంటుంది. ఏటవాలు లేకపోతే దాన్ని తిని బతికే సుడులు లేవు. అప్పుడు వేడి పోయేది కణాలు బయటికి పోయినంత మేరకే. ఇంధనం మాత్రం అంచునుంచి గాలిలా ఊదితే లాభం లేదు, వేగమైన పరమాణు కిరణాలతో నడిమధ్యకు చేర్చాలి. ఈ రెండూ కుదిరితే ఐటర్ కంటే ఎంతో చిన్న యంత్రం చాలు.

చిన్న యంత్రం అంటే చవక యంత్రం. మనలాంటి దేశానికి ఆ మాట విలువ ఎంతో నేను వేరే చెప్పనక్కరలేదు.

వాదన చెప్పడం వేరు, చూపించడం వేరు. ప్రిన్స్‌టన్‌లో డిక్ మజెస్కీ బృందం సీడీఎక్స్-యూ అనే చిన్న యంత్రం అడుగున గుండ్రటి పళ్ళెంలో కరిగిన లిథియం పోసింది. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం శక్తి నిలిచే కాలం ఆరు రెట్ల వరకూ పెరిగింది. రీసైక్లింగ్ సుమారు 0.3కు పడిపోయింది. అంటే గోడను తాకిన పది కణాల్లో ఏడు తిరిగి రాలేదు. అయస్కాంతంతో బంధించిన హైడ్రోజన్ ప్లాస్మాలో అంత తక్కువ అంతకు ముందెవరూ నమోదు చెయ్యలేదు. ఆ యంత్రం స్థానంలో వచ్చిన ఎల్‌టీఎక్స్‌లో 2017లో ఇంకో అడుగు పడింది. లోపలి గోడకంతా లిథియం పూత వేసి, ఇంధనపు వాయువు ఊదడం ఆపేశాక కొలిచారు. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత నడుమనుంచి అంచు దాకా సమంగా ఉంది. అంచున 200 ఎలక్ట్రాన్ వోల్టులు దాటింది. మన లెక్కలో ఇరవై లక్షల డిగ్రీలకు పైమాట, గోడకు ఆనుకుని! వాయువుగా పంపిన హైడ్రోజన్‌లో దాదాపు 60 శాతం గోడలోనే ఉండిపోయింది. పద్నాలుగేళ్ళ కిందట కాగితం మీద గీసిన సమతలపు గీత పరికరం మీద కనబడింది. ఆ గ్రాఫు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని మీతో పంచుకోవడానికే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నానంటే అతిశయోక్తి కాదు.

అవి చిన్న యంత్రాలన్న మాట మరచిపోకూడదు. వాటి ప్లాస్మా సెకనులో వందోవంతుల లెక్కలో ఉండేది. పెద్ద యంత్రంలో గోడ ప్రభావం ఎలా ఉంటుందో ఇంగ్లాండులోని జెట్ టోకమాక్ వేరే దిక్కునుంచి చూపించింది. ట్రిటియంను కార్బన్ పట్టి ఉంచేస్తోందని 2011 నాటికి జెట్‌లో కార్బన్ గోడ తీసేసి టంగ్‌స్టన్, బెరీలియం పెట్టారు. అయస్కాంతాలు అవే, వేడిచేసే కిరణాలు అవే, నడిపేవాళ్ళూ వాళ్ళే. శక్తి నిలిచే కాలం మాత్రం గణనీయంగా తగ్గింది. దాన్ని మళ్ళీ రాబట్టడానికి ఏళ్ళు పట్టింది. గోడ ప్లాస్మాను తయారుచేస్తుందన్న నా మాటకు ఇంతకంటే ఖరీదైన సాక్ష్యం లేదు. ఐటర్ కూడా 2023లో మొదటి గోడను బెరీలియం నుంచి టంగ్‌స్టన్‌కు మార్చాలని తలపెట్టి, దానితోపాటే గోడలకు బోరాన్ పూత వేసే ఏర్పాటు కూడా చేర్చుకుంది. చైనాలోని ఈస్ట్ యంత్రం 2025 జనవరిలో 1,066 సెకన్లపాటు ప్లాస్మాను నిలిపింది. ఆ యంత్రం ఏళ్ళ తరబడి లిథియం పూతలతో సాధన చేసిందన్నది ఆ వార్త రాసిన పత్రికల్లో చాలావరకు కనబడలేదు.

మరి ద్రవ లిథియంను గోడ మీద పారించడంలో కష్టమేమిటి?

దీనికి ఉప్పల్ రోడ్డు మీదకే వెళదాం. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్ఐ, ఆవరణలో 1960ల నుంచీ భూ అయస్కాంత పరిశీలనశాల ఉంది. అక్కడి పరికరాలు రాత్రింబవళ్ళు కొలిచే క్షేత్రం ఎక్కడ పుడుతోంది? మన కాళ్ళ కింద 2,900 కిలోమీటర్ల లోతున కదులుతున్న ద్రవ ఇనుములో. విద్యుత్తు పారే ద్రవం, అయస్కాంత క్షేత్రం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. భూగర్భంలో ఆ పట్టే క్షేత్రాన్ని పుట్టిస్తుంది. టోకమాక్‌లో అదే పట్టు ద్రవాన్ని ఆపేస్తుంది. క్షేత్రానికి అడ్డంగా లోహం పారితే దానిలో విద్యుత్ ప్రవాహం పుడుతుంది, ఆ ప్రవాహం మీద క్షేత్రం వెనక్కి తోసే బలం చూపుతుంది. డెన్మార్క్‌లో హార్ట్‌మన్ 1937లోనే పాదరసంతో ఇది కొలిచాడు, ఆ లెక్కకు ఇప్పటికీ ఆయన పేరే. ఎన్‌జీఆర్ఐలో కొలిచే క్షేత్రం ఒక గాస్‌లో సగం కూడా ఉండదు. ఐటర్‌లో 53,000 గాస్‌లు. లక్ష రెట్లు దాటిన ఆ బలం ముందు పలచని లోహపు పొర ఆగిపోవచ్చు, ఒకచోట గుట్టగా పేరుకోవచ్చు, ప్లాస్మా ఒక్కసారి కుప్పకూలితే ఎగిరి లోపలే పడవచ్చు.

రష్యన్లు దీనికి తెలివైన దారి కనిపెట్టారు. లోహపు తీగలతో నేసిన సన్నటి వల మీద లిథియంను నింపితే, వల రంధ్రాల కేశనాళిక బలం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పైన ఆవిరైనంత కిందినుంచి వచ్చి నిండుతుంది. త్రోయిత్స్క్‌లోని టీ-11ఎమ్ యంత్రంలో మీర్నోవ్ బృందం 1990ల చివర దీన్ని పరీక్షించింది. ఇటలీలో ఫ్రస్కాటీ టోకమాక్ దాన్ని అందిపుచ్చుకుని 2005 చివరినుంచి లిథియంతో, పదేళ్ళ తర్వాత తగరంతో ప్రయత్నించింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూజిక్ బృందం ఇంకో ఉపాయం చేసింది. సన్నని గాడుల్లో లిథియం పోసి, ప్లాస్మా ఇచ్చే వేడి వల్లనే విద్యుత్తు పుట్టేలా చూసి, ఆ విద్యుత్తుతోనే ద్రవాన్ని పారించింది. ఆపే బలాన్నే తోసే బలంగా మార్చడం! ఈస్ట్‌లో 2014 నుంచి పారే లిథియం పలకలు పెట్టారు. రాగి పలక మీద సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగుతో మొదలై తర్వాత మాలిబ్డినం మిశ్రమానికి మారారు. రాగిని లిథియం తినేస్తుంది. ఈ గదిలో లోహాలతో పనిచేసేవాళ్ళకు ఆ ఒక్క వాక్యం చాలు, ఎంత పని ఉందో అర్థం కావడానికి.

ఇప్పుడు మన దేశం. ఇక్కడి పరిశోధన 1982లో అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయంలో ప్లాస్మా కార్యక్రమంగా మొదలై, 1986లో ప్లాస్మా పరిశోధన సంస్థగా గాంధీనగర్ దగ్గర భాట్‌లో స్థిరపడింది. ప్రొఫెసర్ ప్రెధిమన్ క్రిషన్ కా పెంచిన సంస్థ అది. 1989లో ఆదిత్య టోకమాక్, 2013లో అతివాహక అయస్కాంతాల ఎస్ఎస్‌టీ-1. మధ్యలో 2005 డిసెంబరులో భారత్ ఐటర్‌లో చేరింది. ఐటర్‌కోసం మనవాళ్ళు ఎంచుకున్న, గోడ వెనక ట్రిటియంను పుట్టించే దుప్పటి నమూనాలో సీసం-లిథియం మిశ్రమం ద్రవంగా పారుతుంది, దానితోపాటు లిథియం టైటనేట్ గుళికలు ఉంటాయి. న్యూట్రాన్ లిథియం-6ను తాకితే ట్రిటియం పుడుతుంది. ఆ సీసం-లిథియం అయస్కాంత క్షేత్రంలో ఎలా నడుస్తుందో చూడడానికి మన శాస్త్రవేత్తలు లాత్వియా విశ్వవిద్యాలయపు భౌతిక సంస్థతో కలిసి ప్రయోగాలు చేశారు.

ఆ దుప్పటికి కావలసిన ఉక్కు మన ఊరిదే. న్యూట్రాన్లు కొట్టినా ఎక్కువకాలం రేడియోధార్మికంగా ఉండిపోకూడదు కనుక మామూలుగా కలిపే మాలిబ్డినం, నయోబియం పక్కనపెట్టి 9 శాతం క్రోమియం, 1.4 శాతం టంగ్‌స్టన్, 0.06 శాతం టాంటలంతో మిశ్రమం రూపొందించారు. కల్పాక్కం, గాంధీనగర్ సంస్థలతో కలిసి దాన్ని కరిగించి పోసింది కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్, మనం మిధాని అనే సంస్థ. వేలిగోరంత మలినం కూడా కొంపముంచే చోట అంత పెద్ద దుంగ పోయడం చిన్నపని కాదు. ఇటు ఎన్ఎఫ్‌సీ జిర్కోనియం నుంచి దాని కవలలాంటి హాఫ్నియంను విడగొట్టి, టాంటలం, నయోబియం వంటి లోహాలను అతిశుద్ధంగా తీసిన అనుభవం అర్ధశతాబ్దపుది. అటు కల్పాక్కంలో 1985 నుంచి ద్రవ సోడియంతో రియాక్టరు నడుపుతున్నారు. గాలి తగిలితే మండే లోహాన్ని గొట్టాల్లో తిప్పడం, తేమ లేకుండా కాపాడడం, కదిలే భాగాలు లేని విద్యుదయస్కాంత పంపులతో తోడడం మనకు పరాయి విద్యలు కావు.

అయినా మన శ్రమ ఎక్కువగా గోడ వెనక పారే ద్రవలోహం మీదే సాగింది. ప్లాస్మాకు ఎదురుగా నిలిచే ద్రవలోహం మీద ఆ స్థాయిలో సాగలేదు. ఆదిత్యలో లిథియం పూతలు వేసి చూశారు, మంచి ఫలితమే వచ్చింది. అక్కడితో ఆగకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పెద్ద యంత్రం కట్టే పోటీలో మనం వెనకబడి ఉన్నాం, ఆ దూరం డబ్బుతో తప్ప తగ్గదు. గోడ విషయంలో మాత్రం ప్రపంచమంతా ఇంకా చిన్న యంత్రాల దగ్గరే ఉంది. చిన్న యంత్రం, లోహవిద్య, ఓపిక ఉన్నవాళ్ళు ముందుకు రాగలిగిన చోటు ఇది.

ఇందులో చిక్కులు దాచిపెట్టి మాట్లాడితే సాంబశివరావు గారి పేరుకు న్యాయం చెయ్యనట్టే. అన్నిటికంటే పెద్దది ట్రిటియం. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తి ఏడాది పొడుగునా తీస్తే సుమారు 56 కిలోల ట్రిటియం ఖర్చవుతుంది. ప్రకృతిలో అది దాదాపు దొరకదు, పన్నెండేళ్ళ చిల్లరకు సగమైపోతుంది. గోడ హైడ్రోజన్‌ను మింగడమే మనకు కావలసిన గుణమైతే, అది ట్రిటియంను కూడా మింగుతుంది. మింగినదాన్ని గంటల్లో తిరిగి రాబట్టాలి. లేకపోతే యంత్రంలోకి పోసిన ఇంధనమంతా గోడలో ఇరుక్కుంటుంది. కరిగిన లవణాలతో లిథియంను కడిగి ట్రిటియం లాగే పద్ధతి 1970ల్లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రూపొందింది. దాన్ని పారే గోడకు, రోజంతా నడిచే వేగానికి, ఇంకా ఎవరూ జోడించి చూపలేదు. రెండోది ఉష్ణోగ్రత ఇరుకు. నాలుగు వందల డిగ్రీలు దాటితే లిథియం హైడ్రోజన్‌ను వదలడం మొదలుపెడుతుంది, తానూ జోరుగా ఆవిరవుతుంది. విద్యుత్తు తీసేవాడు మాత్రం గోడ అంతకంటే వేడిగా ఉండాలంటాడు. అందుకే కొందరు తగరం వైపు చూస్తున్నారు. తగరం ఆవిరి తక్కువ, వేడి ఓర్చుకుంటుంది. కానీ హైడ్రోజన్‌ను మింగదు, రాలితే పరమాణు సంఖ్య 50 ఉన్న మలినం. తగరపు గోడ యంత్రాన్ని కాపాడుతుందేమో గానీ నేను ఇంతసేపూ చెప్పిన పీఠభూమిని ఇవ్వదు. నా మొగ్గు లిథియం వైపే, ఇరుకైన దారి అని తెలిసీ. 

నీళ్ళతో చల్లబరిచే యంత్రంలో లిథియం పెట్టవద్దన్నది కూడా గుర్తుంచుకోవాలి. నీటి గొట్టం ఒక్కటి పగిలి లిథియంకు తగిలితే చాలు, ప్రమాదం. ఈ ఒక్క కారణంగా యంత్రం మొత్తాన్ని వాయువుతోనో, ద్రవలోహంతోనో చల్లబరిచేలా మొదటినుంచే గీయాలి. ముందు మామూలు యంత్రం కట్టి తర్వాత లిథియం అతికిద్దామంటే కుదరదు.

చివరగా, ఇక్కడ కూర్చున్న ఇంజినీరింగు విద్యార్థులకు, నాచారం పారిశ్రామికవాడలో చిన్న వర్క్‌షాపులు నడుపుతున్న మిత్రులకు ఒక పని చెబుతాను. లిథియం జోలికి వెళ్ళవద్దు, దానికి ఆర్గాన్ నింపిన గది, శిక్షణ కావాలి. గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమం గది వేడికే ద్రవంగా ఉంటుంది, మండదు. ప్రిన్స్‌టన్‌లోనూ పారే లోహపు గోడను అధ్యయనం చేసే ప్రయోగం ఈ మిశ్రమంతోనే నడుస్తుంది. ఒట్టి గాలియం కూడా 29.8 డిగ్రీలకు కరుగుతుంది, మన వైశాఖంలో బల్ల మీద పెడితే చాలు. అయితే అల్యూమినియంకు తగలనివ్వకండి, దాన్ని లోపలినుంచి కొరికేస్తుంది. యాక్రిలిక్ పలకతో మూరెడు పొడుగు కాలువ చేయండి. రెండు పక్కలా నియోడిమియం అయస్కాంతాలు పెట్టండి. ఆ సందులో అర టెస్లా వరకూ తేవచ్చు. కాలువను కొద్దిగా వాల్చి ద్రవం వదిలి, అయస్కాంతం ఉన్నప్పుడూ లేనప్పుడూ పొర మందం కొలవండి. తర్వాత కాలువ అడుగున రాగి రేకు వేసి మళ్ళీ కొలవండి. అడుగు విద్యుత్తును పోనిచ్చేదైతే ద్రవం ఎంత మందగిస్తుందో అంకెల్లో రాయండి. ఆ తర్వాత ద్రవంలోకి బయటినుంచి విద్యుత్తు పంపి, ఎన్ని ఆంపియర్ల దగ్గర అది మళ్ళీ పరుగందుకుంటుందో చూడండి. ఆ పట్టిక తయారైతే నాకు చూపించండి. గాంధీనగర్‌లో దాన్ని ఎవరికి పంపాలో నేను చెబుతాను. ఇక ప్రశ్నలు అడగండి.